112 నంబరు పిట్ట: ఒక తప్పు పేరు దిద్దుతున్న డైరీ

జూన్ 17

సెలవులయ్యాక ఇవాళ మ్యూజియం గది తెరిచాం. మ్యూజియం అంటే మరీ గొప్పగా ఊహించుకోవద్దు. మా కాలేజీ జువాలజీ డిపార్ట్‌మెంటు వెనక ఒక గది. రెండు టేకు బీరువాలు, ఒక ఇనప బీరువా, ఫార్మలిన్ సీసాల్లో పాములు, గోడ మీద బూజు పట్టిన కొమ్ముల జత. టేకు బీరువాల్లో 140కి పైగా పిట్టలున్నాయి. ఈ ఏడాది నేను నెత్తిన వేసుకున్న పని ఏమిటంటే, ఒక్కోదాన్ని బయటికి తీసి, ఫొటో తీసి, లేబుల్ చదివి, కంప్యూటర్లో కొత్త రిజిస్టరు తయారుచేయడం. ఎండాకాలంలో చేద్దామనుకున్నది. ఎప్పటిలాగే వానాకాలానికి మొదలైంది.

బీరువా తలుపు తీయగానే కలరా ఉండల వాసన గుప్పుమనాలి. అనలేదు. అక్కడే టెన్షన్ మొదలైంది. ఉండలు ఎప్పుడో హరించుకుపోయి, వాటిని కట్టిన గుడ్డ మూటలు మాత్రం మూలల్లో ఖాళీగా పడున్నాయి. అటెండరు బాబాయ్ "పోయినేడు వేశానమ్మా" అన్నాడు. పోయినేడు కాదు, కరోనా ముందు వేసుంటాడు. ఆయన్ని అని లాభం లేదు, నేనూ చూసుకోలేదు కదా.

ఇవి షోకేసులో కొమ్మ మీద నిలబెట్టే పిట్టలు కావు. పొట్టలో దూది కూరి, కళ్ళ చోట కూడా దూదే పెట్టి, కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసి దారంతో కట్టి, వెల్లకిలా పడుకోబెట్టినవి. ఆ దారానికే లేబుల్ ఉంటుంది. పాతకాలంలో చర్మానికి లోపలివైపు ఆర్సెనిక్ సబ్బు పూసేవారు. అందుకే చేతులకి గ్లవ్స్, ముక్కుకి మాస్కు లేకుండా ముట్టుకోకూడదు. ఈ మాట పిల్లలకి మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే మధ్యలో ముక్కు దురద పెట్టింది.

సాయంత్రానికి 112 నంబరు దాకా వచ్చాం. ట్రే మీద తెల్ల కాగితం పరిచి పిట్టని దాని మీద పెడుతుంటే, తోకలోంచి ఏదో రాలింది. చీపురు పుల్ల ముక్క అనుకున్నాను. భూతద్దంతో చూస్తే ఈకే! ఈక కాడకి అటూ ఇటూ దారపు పోగంత అంచు. అంతే. ఇంత సన్నటి తోక ఈక నేనెప్పుడూ చేత్తో పట్టుకోలేదు.

చిన్న కవర్లో వేసి, మీద 112 అని రాసి, పిట్ట పక్కనే పెట్టాను.

జూన్ 18

ఆ పిట్టకి రెండు లేబుళ్ళున్నాయి. మొదటిది పసుపు పచ్చగా మారిన దళసరి కాగితం, నల్ల సిరా, ఇంగ్లీషు రాత: "స్నైప్. ఆడ. కొలేర్ లేక్, ఎల్లోర్ దగ్గర. 12-9-57". కొలేర్ అంటే మన కొల్లేరు, ఎల్లోర్ అంటే ఏలూరు. రెండోది 1984లో కట్టింది. ముత్యాల్లాంటి అక్షరాలు: "స్విన్‌హోస్ స్నైప్". కింద పొడి అక్షరాల సంతకం.

ఆ సంతకం నాకు తెలుసు. నా ప్రాక్టికల్ రికార్డుల నిండా అదే ఉంటుంది, ఎర్ర సిరాతో. మా మాస్టారిది.

జూన్ 28

ముందు ఈ పిట్ట సంగతి చెప్పాలి. స్నైప్ అంటే పొడుగు ముక్కుతో బురదలో పొడిచి పొడిచి పురుగులు తినే, గోధుమరంగు చారల పిట్ట. ఊడ్చిన చేలల్లో, కాలవ గట్ల మీద, చిత్తడి గడ్డిలో ఉంటుంది. కాలి కింద పడేదాకా కదలదు. కదిలిందంటే గుండె ఝల్లుమనేలా లేచి, వంకర టింకరగా దూసుకుపోతుంది. పాతకాలం వేటగాళ్ళు దీన్ని ముక్కు పూరేడి అనేవారు. ముక్కున్న పూరేడు పిట్ట! ఇంతకంటే మంచి పేరు ఎవరూ పెట్టలేరు. దీన్ని తుపాకీతో కొట్టడం ఎంత కష్టమంటే, ఇంగ్లీషులో స్నైపర్ అన్న మాట పుట్టిందే ఈ దేశంలో స్నైప్ వేటకి వెళ్ళే సైనికుల మధ్య, 1770ల్లో.

ఇవన్నీ చలికాలపు చుట్టాలు. మన దగ్గర కనిపించేవాటిలో ఒకదానితో ఒకటి అచ్చు గుద్దినట్టుండేవి మూడు. కామన్ స్నైప్, పిన్‌టెయిల్ స్నైప్, స్విన్‌హోస్ స్నైప్. మొదటి రెండూ బాగానే కనిపిస్తాయి. మూడోది అరుదు. అరుదు అనడం కంటే, గుర్తుపట్టడం అరుదు అంటే ఇంకా నిజం.

మా ప్రాంతపు పక్షుల జాబితాలో స్విన్‌హోస్ స్నైప్ పక్కన ఒక చుక్క ఉంటుంది. చుక్కకి అర్థం: ఒకే ఒక్క రికార్డు, కాలేజీ నమూనా ఆధారంగా. అంటే ఈ 112 నంబరు పిట్ట ఆధారంగా. ఆ జాబితాని పదేళ్ళుగా నేను పిల్లలకి జిరాక్సు తీసి ఇస్తున్నాను. ఆ పిట్టని బయటికి తీసి చూద్దామని ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఇవాళ రెక్క చూశాను. కామన్ స్నైప్‌కి రెక్క వెనక అంచు వెంబడి స్పష్టమైన తెల్ల గీత ఉంటుంది. దీనికి లేదు. రెక్క అడుగు భాగం కూడా తెల్ల పట్టీలు లేకుండా అంతా దట్టంగా చారలే. కాబట్టి కామన్ కాదు. మాస్టారు ఇక్కడిదాకా సరిగ్గానే వచ్చారన్నమాట.

తర్వాత కొలతలు. ముక్కుని వెర్నియర్‌తో, రెక్కని చివర అడ్డు ఉన్న స్కేలుతో. స్విన్‌హోస్ సగటున కొంచెం పెద్ద పిట్ట. కానీ చిన్న స్విన్‌హోస్, పెద్ద పిన్‌టెయిల్ ఒకే కొలతలో ఉంటాయి. పైగా ఎండిన చర్మం కొద్దిగా కుంచించుకుపోతుంది. మన పిట్ట సరిగ్గా రెండూ కలిసే చోట వచ్చి కూర్చుంది. కొలతలతో ఈ గొడవ తేలదు.

తేల్చేది తోక.

జూలై 5

ఇవాళ రోజంతా ఒక్క తోక మీదే గడిచింది. వివరంగా రాసుకుంటున్నాను, ఎందుకంటే రేపు ఎవరైనా అడిగితే నా దగ్గర ఉండేది ఇదే.

చాలా పిట్టలకి తోక ఈకలు 12 ఉంటాయి. స్నైప్‌లకి ఆ లెక్క లేదు. కామన్ స్నైప్‌కి సాధారణంగా 14. స్విన్‌హోస్‌కి 20, అటూ ఇటూగా. పిన్‌టెయిల్‌కి 24 నుంచి 28, ఎక్కువగా 26. అంతకన్నా ముఖ్యం, బయటి ఈకల వెడల్పు. స్విన్‌హోస్‌కి కూడా బయటి ఈకలు సన్నవే, కానీ లోపలి నుంచి బయటికి క్రమంగా సన్నబడతాయి, చివరివి 2 నుంచి 4 మిల్లీమీటర్లు. పిన్‌టెయిల్‌కి అలా కాదు. మధ్యలో మామూలు ఈకలు, ఆ పక్కన ఉన్నట్టుండి సూదులు. 1 నుంచి 2 మిల్లీమీటర్లు, అంతే. దాని శాస్త్రీయ నామం గాలినాగో స్టెనూరాలో స్టెనూరా అంటే సన్న తోకే. తుపాకీ రోజుల్లో వేటగాళ్ళు పిట్టని చేతిలోకి తీసుకుని తోక పక్కన బొటనవేలితో తడిమి ఇది ఫ్యాన్‌టెయిల్, ఇది పిన్‌టెయిల్ అని చెప్పేసేవారట. ఫ్యాన్‌టెయిల్ అంటే వాళ్ళ భాషలో కామన్ స్నైప్.

నాకంత ధైర్యం లేదు. దాదాపు డెబ్భై ఏళ్ళ ఎండిన తోక. తడిపి మెత్తబరుద్దామా అంటే ఆర్సెనిక్ చర్మానికి తడి తగిలించడం నాకిష్టం లేదు. కాబట్టి చేసింది ఇది: ట్రేసింగ్ పేపర్ని సన్నటి పట్టీలుగా కోసి, ఒక్కోదాని మీద 1, 2, 3 అని పెన్సిల్‌తో నంబరు వేసుకున్నాను. మొండి సూదితో ఒక ఈకని కాస్త లేపడం, దాని వెనక పట్టీ దూర్చడం, పక్క ఈకకి వెళ్ళడం. ఫ్యాను ఆపేశాం. కరెంటు మాత్రం దానంతటదే ఆగింది, పదకొండింటికి. కిటికీ దగ్గరికి బల్ల జరుపుకున్నాం.

మొదటి లెక్క 19. రెండో లెక్క 18. మూడోసారి మళ్ళీ 19. దీనికి మొన్న రాలిన ఈక కలిపితే 20.

ఇరవై! స్విన్‌హోస్ లెక్క. పట్టీలన్నీ తీసేసి టీ తాగడానికి వెళ్ళిపోయాను. మాస్టారు కరెక్టు, నేనే అనవసరంగా గోల చేశాను అనుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త హాయిగా కూడా అనిపించింది.

టీ సగంలో ఉండగా మా మూడో సంవత్సరం అమ్మాయి వచ్చి, "మేడం, కుడి పక్క ఎన్ని, ఎడం పక్క ఎన్ని?" అని అడిగింది. నేను మొత్తమే లెక్కపెట్టాను. పక్కల వారీగా రాసుకోలేదు.

మళ్ళీ కూర్చున్నాం. కుడి పక్క 13. ఎడం పక్క 6, రాలినదాంతో కలిపి 7.

ఇంక టీ చల్లారిపోయినా పర్వాలేదు. తోక మధ్య గీతకి రెండు పక్కలా ఈకలు జతలుగా ఉంటాయి. ఒక పక్క 13 ఉంటే రెండో పక్కా 13 ఉండాలి. అంటే ఈ పిట్ట బతికున్నప్పుడు తోక 20 కాదు, 26. ఎడం పక్క ఆరు ఈకలు ఏమయ్యాయి?

పిట్టని పక్కకి తిప్పి, తోకని కింద నుంచి కప్పే చిన్న ఈకల్ని, అదే కవర్టుల్ని, సూదితో ఒత్తిగించి భూతద్దం పెట్టాను. వరసగా ఆరు మొండాలు. ఒక్కోటి రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. చివర్లు కొరికినట్టు గరుకుగా ఉన్నాయి. వాటి మొదట్లో దూదిలో చిక్కుకుని, వెంట్రుకలున్న గోధుమరంగు పొలుసులు. డెర్మెస్టిడ్ పురుగు లార్వాలు విడిచిన పాత కుబుసాలు. మ్యూజియాల్ని తినేసే పురుగు అంటే అదే. చర్మం, ఈకలు, ఏదైనా తింటుంది. ఇక్కడ సూదుల్లాంటి ఈకల్ని మొదట్లో కొరికేసింది. లావు ఈకల్ని వదిలేసింది. కొరకడానికి సులువని కాబోలు.

కుడి పక్క 13లో లోపలి 6 మామూలు ఈకలు, బయటి 7 సూదులు. మొదటిసారి చూస్తే ఆ ఏడూ ఒకదానికొకటి అంటుకుని రెండో మూడో ఈకల్లా కనిపిస్తాయి. బయటి చివరిదాన్ని కొస నుంచి ఒక సెంటీమీటరు పైన వెర్నియర్‌తో కొలిస్తే ఒకటిన్నర మిల్లీమీటరు. రాలిన ఈకదీ అంతే. ఆరో ఈకకీ ఏడో ఈకకీ మధ్య వెడల్పు ఒక్కసారిగా పడిపోయింది. క్రమంగా సన్నబడటం ఏమీ లేదు.

పిన్‌టెయిల్.

తప్పు ఎలా జరిగిందో కూడా తెలిసిపోయింది. 26లో పురుగు 6 తినేసింది. మిగిలినవి 20. పుస్తకం తెరిస్తే 20 ఎదురుగా స్విన్‌హోస్ అని ఉంటుంది. బయటి ఈకలు సన్నవి అని కూడా ఉంటుంది. ఇది 19 అయ్యుంటే, 22 అయ్యుంటే మాస్టారు ఆగి ఆలోచించేవారు. సరిగ్గా 20 కావడమే కొంప ముంచింది.

జూలై 6

రెండు బీరువాల పిట్టల్నీ పాలిథిన్ కవర్లలో సీల్ చేసి, విడతలుగా డీప్ ఫ్రీజర్లో పెడుతున్నాం. సున్నాకి 20 డిగ్రీలు తక్కువ, ఒక్కో విడత రెండు వారాలు. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే చెమ్మ పడుతుంది. బాబాయ్ కలరా ఉండలు రెండు కిలోలు తెచ్చాడు. బిల్లు ఇంకా పాస్ కాలేదు.

జూలై 19

పిట్ట సంగతి తేలింది. రికార్డుల సంగతి చూద్దామని కూర్చుంటే తల తిరిగింది.

మూలం ఈ ఒక్క పిట్టే. దాని లేబుల్ నుంచి కాలేజీ రిజిస్టర్లోకి వెళ్ళింది. 1984 తర్వాత రిజిస్టర్లో స్నైప్ అన్నదాని పక్కన స్విన్‌హోస్ అని చేర్చారు. అక్కడి నుంచి డిపార్ట్‌మెంటు వాళ్ళు సైక్లోస్టైల్ తీసిన పక్షుల జాబితాలోకి. దాన్నుంచి ఒక సావనీర్‌లో వ్యాసంలోకి. ఆ వ్యాసాన్నుంచి ఒక ఎంఫిల్ థీసిస్‌లోకి. థీసిస్ నుంచి ఎవరో తయారుచేసిన ఎక్సెల్ పట్టికలోకి. పట్టిక నుంచి ఇంటర్నెట్లో ఒక మ్యాపు మీదకి. అందరూ తమ ముందువాళ్ళని చూసి రాశారు. పిట్టని చూసింది ఒక్కరే, మాస్టారు.

పోనీ, ఒకేలా రాశారా? లేదు. లేబుల్ మీద 12-9-57 అనుంది. థీసిస్‌లో అది సెప్టెంబరు 12. ఎక్సెల్ పట్టికలో డిసెంబరు 9. కంప్యూటరు నెలని ముందు చదివే అమెరికా పద్ధతిలో ఉన్నట్టుంది. ఇప్పుడు ఒక పిట్ట రెండు నెలల్లో రెండు రికార్డులైంది. ఏది నిజమో రిజిస్టరు చెప్పింది. దాని పై పంక్తి 10-9, కింది పంక్తి 3-10. వరసలో పెడితే సెప్టెంబరే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. పిన్‌టెయిల్‌కి అది నప్పుతుంది కూడా. మన దగ్గరికి వచ్చే స్నైప్‌లలో అదే ముందు దిగేది. ఆగస్టు ఆఖర్లో, సెప్టెంబర్లో వచ్చేస్తుంది, కామన్ స్నైప్‌లు వెనకాల వస్తాయి. అయితే దీన్ని నేను సాక్ష్యంగా లెక్కేయట్లేదు. నప్పిందని సంతోషించడం వేరు, రుజువు వేరు.

జిల్లా గొడవ ఇంకోటి. కొల్లేరు అప్పట్లో కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య ఉండేది. సావనీర్‌లో ఈ పిట్ట పశ్చిమ గోదావరిది. థీసిస్‌లో కృష్ణాది. 2022లో ఏలూరు జిల్లా వచ్చాక ఇంకెవరో మూడో జిల్లా జాబితాలోకి కూడా ఎక్కించారు. పిట్ట మాత్రం ఇదే బీరువాలో కదలకుండా పడుకుని మూడు జిల్లాలు తిరిగింది.

ఇక అన్నిటికంటే పైది. మ్యాపు మీద చుక్క కోసం వెతికితే కొల్లేరు దగ్గర లేదు. జూమ్ తగ్గిస్తూ తగ్గిస్తూ పోతే మహారాష్ట్రలో దొరికింది. లేబుల్ మీద ఎల్లోర్ అన్నది ఎవరి చేతిలోనో ఎల్లోరా అయింది. మా కొల్లేటి ముక్కు పూరేడి కైలాసనాథుడి గుడి పక్కన వాలి ఉంది.

పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, ఎల్లోరా ప్రాంతపు పక్షుల మీద ఎవరైనా పనిచేస్తూ ఈ చుక్కని నమ్మితే అన్న దిగులు పట్టుకుంది.

ఆగస్టు 2

మాస్టారింటికి వెళ్ళాను. వారం రోజులు వాయిదా వేసి వెళ్ళాను. ఎనభై దాటారు. చూపు బాగానే ఉంది, వినికిడి తగ్గింది. అమ్మగారు కాఫీ ఇచ్చారు. కుశల ప్రశ్నలు, మోకాళ్ళ నొప్పులు, మనవడి అమెరికా చదువు అన్నీ అయ్యాయి. చివరికి ఫోన్లో ఫొటోలు చూపిస్తూ గట్టిగా చెప్పాను, "మాస్టారూ, 112 నంబరు పిన్‌టెయిల్ అనిపిస్తోందండీ."

ఆయన ఫోన్ పక్కన పెట్టేశారు. "అనిపిస్తోందా, అవునా?"

"అవునండీ."

"అయితే అవును అను. అనిపించడమేమిటి?"

ఎన్ని ఈకలని అడిగారు. కుడి 13, ఎడం 7, మొండాలు 6 అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత క్లాసులో అడిగినట్టే అడిగారు. "మొండాలంటున్నావు. అవి తోక ఈకల మొండాలో, కవర్టుల మొండాలో ఎలా చెప్తావమ్మాయ్? కవర్టులు కూడా అక్కడే మొలుస్తాయిగా?"

నా దగ్గర జవాబు లేదు. వరసలో ఉన్నాయి అన్నాను. "వరస నాకు కనపడట్లేదు, నీ ఫొటోలో నీడే కనపడుతోంది" అన్నారు. నిజమే, ఆ రోజు కరెంటు లేదు, కిటికీ వెలుతురులో తీసినవి.

కోపం రాలేదని అనను. ఆయనకి కాదు, నాకు. బస్సెక్కాక ఆలోచిస్తే ఆయన అడిగింది సరైన ప్రశ్న. నేను అడక్కుండా వదిలేసిన ప్రశ్న.

ఆగస్టు 9

మళ్ళీ 112. ఈసారి స్టీరియో మైక్రోస్కోపు కింద, రెండు పక్కల నుంచి దీపం పెట్టి.

తోక ఈకల మొదళ్ళు తోక చివరి ఎముకకి ఆనుకుని లోతుగా, ఒకే వరసలో దిగి ఉంటాయి. కవర్టులు అంత లోతుకి వెళ్ళవు, పైపైన ఉంటాయి. కుడి పక్క పాడవకుండా ఉంది కాబట్టి దాన్నే నమూనాగా పెట్టుకున్నాను. అక్కడ సూది ఈకల కాడలు ఎంత లావున్నాయో, ఎంత లోతుగా ఉన్నాయో చూసి, ఎడం పక్కతో పోల్చాను. ఆరు మొండాలూ అదే వరసలో, అదే లోతులో ఉన్నాయి. కవర్టులు వాటి మీద విడిగా ఉన్నాయి. రాలిన ఈక తాలూకు గుంట కూడా దొరికింది, ఆరో మామూలు ఈక పక్కనే. అంటే 6, గుంట 1, మొండాలు 6. మొత్తం 13.

పెద్ద మ్యూజియంలో పనిచేసే ఒక స్నేహితుడికి ఫొటోలు పంపాను. అతను తమ దగ్గరున్న పిన్‌టెయిల్ నమూనాల పక్కన పెట్టి చూసి, సందేహం లేదన్నాడు. కావాలంటే కాలి అడుగు చర్మం గోరంత కోసి డీఎన్‌ఏ చేయిద్దామా అని కూడా అడిగాడు. వద్దన్నాను. డీఎన్‌ఏ గొప్పది కాదని కాదు. స్కాట్లాండులో అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఎప్పటినుంచో పడున్న ఒక గుడ్డు మన కడప వైపు అడవుల్లో ఉండే అరుదైన పిట్ట కలివికోడిదని 2013లో తేలిందంటే డీఎన్‌ఏ పుణ్యమే. గుడ్డుకి తోక ఉండదు కదా మరి. ఇక్కడ కుడి పక్క 13 ఈకలు సరిపోతాయి. సరిపోయినప్పుడు కత్తెర తీయడం ఎందుకు?

మాస్టారికి ఫొటోలు ప్రింటు తీసి పంపాను.

ఆగస్టు 16

మాస్టారి దగ్గర్నుంచి ఫోన్. ఒక్కటే మాట. "కుడి పక్క లెక్కపెట్టి రెట్టింపు చెయ్యాల్సింది. మీకు జతలు జతలని పాఠం చెప్పినవాణ్ణి, నేనే రెండు పక్కలూ కలిపేశాను." తర్వాత, "నా లేబుల్ పీకెయ్యకు" అన్నారు.

పీకనని చెప్పాను.

ఆగస్టు 23

మూడో లేబుల్ కట్టాం. పాతవి రెండూ అలాగే ఉన్నాయి. దళసరి నూలు కాగితం, ఇండియన్ ఇంకు. బాల్‌పెన్ వాడకూడదు, కొన్నాళ్ళకి వెలిసిపోతుంది. రాసింది: గాలినాగో స్టెనూరా, నిర్ధారించినవారి పేరు, తేదీ, కుడి 13, అందులో బయటి 7 సూదులు, చివరి ఈక వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరు, ఎడం పక్క పురుగు కొరికిన మొండాలు 6. ఇంత చిన్న కాగితం మీద ఇన్ని పట్టించడానికి నాలుగు లేబుళ్ళు పాడుచేశాను.

ఒక అబ్బాయి అడిగాడు, "తప్పని తెలిశాక పాత లేబుల్ ఎందుకు మేడం, ఒక్కటే ఉంటే కన్‌ఫ్యూజన్ ఉండదు కదా?" వాళ్ళకి రిచర్డ్ మైనర్ట్‌జాగన్ కథ చెప్పాను. బ్రిటిష్ సైనికాధికారి, పక్షుల మీద పెద్ద పేరున్నవాడు. వేరేవాళ్ళు సేకరించిన నమూనాలు దొంగిలించి, పాత లేబుళ్ళు తీసేసి, తానే ఎక్కడో పట్టినట్టు కొత్తవి కట్టాడు. వాటిలో ఒకటి అడవి పైడికంటె, ఇంగ్లీషులో ఫారెస్ట్ ఔలెట్. 1880ల్లో జేమ్స్ డేవిడ్సన్ పట్టిన పిట్టని, 1914లో గుజరాత్‌లో మాండ్వి దగ్గర తాను పట్టానని రాసుకున్నాడు. ఆ గుడ్లగూబ కోసం తర్వాత వెతికినవాళ్ళు ఆ లేబుల్ నమ్మి లేని చోట వెతికారు. పమేలా రాస్ముసెన్ అనే అమెరికా పక్షి శాస్త్రవేత్త ఆ దొంగతనం బయటపెట్టి, దాన్ని పక్కన పెట్టి, నిజమైన పాత లేబుళ్ళు పట్టుకుని వెళ్తే 1997 నవంబర్లో మహారాష్ట్రలో షహాదా దగ్గర పిట్ట బతికే దొరికింది. చివరి నిజమైన నమూనా దొరికిన నూట పదమూడేళ్ళ తర్వాత.

మా 112లో దొంగతనం లేదు. పురుగు ఉంది, ఒక పొరపాటు ఉంది. కానీ 1984 లేబుల్ తీసేస్తే, రేపు ఆ సావనీర్ చదివినవాడు స్విన్‌హోస్ పిట్ట ఏదని బీరువా అంతా వెతుక్కోవాలి.

సెప్టెంబరు 6

ఉత్తరాలు, ఈమెయిళ్ళు. ఒక్కొక్కరికీ ఒక పేజీ నోట్, నాలుగు ఫొటోలు. నోట్‌లో ఒక వాక్యం ప్రత్యేకంగా రాశాను: కొల్లేరుకి స్విన్‌హోస్ స్నైప్ రాదని నేను చెప్పట్లేదు, వచ్చిందనడానికి ఈ పిట్ట సాక్ష్యం కాదని మాత్రమే చెబుతున్నాను. చేలో లేచిన స్నైప్‌ని చూసి పిన్‌టెయిల్‌నీ స్విన్‌హోస్‌నీ విడదీయడం దాదాపు అయ్యే పని కాదు. తోక విప్పిన క్షణంలో ఫొటో దొరకాలి, లేదా చేతికి రావాలి. వన్యప్రాణి చట్టం వేటని నిషేధించాక చేతికి రావడం ఎలాగూ ఆగింది. మంచిదే. అందుకే ఈ పాత పిట్టలకి ఇంత విలువ.

ఎక్సెల్ పట్టిక చేసినతను గంటలో జవాబిచ్చాడు. తేదీ, ఊరు, పేరు మూడూ దిద్దేశాడు. పైగా ఎల్లోరా తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఒక జాబితా నిర్వాహకుడు మాత్రం నసిగాడు. "మేడం, మా జాబితాలో ఒక జాతి తగ్గిపోతుందండీ." తగ్గుతుంది. పిన్‌టెయిల్ అందులో ముందే ఉంది కాబట్టి కొత్తగా ఏదీ చేరదు కూడా. "ఒక జాతి తగ్గి, ఒక తేదీ పెరుగుతుందండీ" అన్నాను. 1957 సెప్టెంబరు నాటి పిన్‌టెయిల్, చేత్తో పట్టుకుని చూడగలిగేది, ఈ ప్రాంతంలో ఇంకెవరి దగ్గరైనా ఉందా? చూద్దామన్నాడు.

సెప్టెంబరు 20

లెక్క ఇది. రిజిస్టరు దిద్దాం, పాత మాట కొట్టేయకుండా పక్కన ఎర్ర గీత గీసి. డిపార్ట్‌మెంటు జాబితాలో స్విన్‌హోస్ తీసేశాం, పిల్లలకిచ్చే జిరాక్సు కూడా కొత్తదే. ఎక్సెల్ అయింది. సావనీర్ అచ్చయిపోయింది, మనం ఏం చేయలేం. లైబ్రరీలో ఉన్న కాపీలో మాత్రం తప్పొప్పుల పట్టికలా ఒక చీటీ అంటించాను, లైబ్రేరియన్ గారి అనుమతితోనే. థీసిస్ రాసినాయన ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నారు, నవ్వి ఊరుకున్నారు. ఆ జాబితా నిర్వాహకుడు చుక్క తీసి ప్రశ్నార్థకం పెట్టాడు. ఇంకోసారి రాయాలి.

మ్యాపు మీద చుక్క ఇంకా ఎల్లోరాలోనే ఉంది. పట్టిక మారినా మ్యాపు మారదట, విడిగా అడగాలట. అడిగాను.

ఇవాళ 113 తీశాం. లేబుల్ మీద "వక" అని ఉంది, తర్వాత అక్షరాలు చెమ్మకి చెరిగిపోయాయి. కొంగ జాతిది. ఒక కాలు లేదు.